స్టీరింగ్ మీద ఆఫీసు

మొన్న నా ఉద్యోగం ఎలా నిలబడిందో చెబుతాను గానీ, టీ గుటక వేస్తూ వినకండి, పొలమారుతుంది. నేనైతే ఆ రోజు నుంచి టీ ముట్టలేదు!

మేముండేది దుబాయ్‌కి దగ్గర్లోని రాస్ అల్ ఖైమాలో. మా ఆవిడ సుధ ఇక్కడ స్కూల్లో టీచరు. నా కంపెనీ హైదరాబాద్‌లో, క్లయింటు సింగపూర్‌లో, నేను మాత్రం సముద్రం పక్కన ఫ్లాట్‌లో. వినడానికి ఎంత బావుందో కదా! మా బిల్డింగ్ వాళ్ల దృష్టిలో మాత్రం నేను పనీపాటా లేనివాణ్ణి. "అన్నయ్యగారూ, మీరెలాగూ ఇంట్లోనే ఉంటారు కదా, మా గ్యాస్ సిలిండర్ వస్తే కాస్త తీసుకోండి" అంటుంది ఎదురింటావిడ. ఆవిడ సిలిండరు, పైవాళ్ల పార్సిలు, కిందవాళ్ల ఏసీ మెకానిక్కు, అన్నీ నా నెత్తిమీదే.

ఇలా ఉండగా మా మేనేజర్ ప్రసాద్‌గారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. "ఏమయ్యా, పైవాళ్లు అందర్నీ ఆఫీసుకి రమ్మంటున్నారు. రేపు సింగపూర్ మేడమ్‌కి డెమో నువ్వే ఇవ్వు. ఆవిడ సరేనంటే నువ్వక్కడే ఉండు. లేదంటే వచ్చేసెయ్." అంటే సుధ, పాప ఇక్కడ, నేనక్కడ! పాపని చూడకుండా నేనుండలేను బాబూ. అన్నం సహించలేదు.

మర్నాడు సుధ, పాప స్కూలుకెళ్లారు. సరిగ్గా డెమో ముందు పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ మొదలెట్టారు! గోడలు అదిరిపోతున్నాయి. లాప్‌టాప్ చంకన పెట్టుకుని కారెక్కి సముద్రపొడ్డుకి పరిగెత్తాను. నీడ ఎక్కడుందా అని చూస్తే, మేం ఎప్పుడూ టీ తాగే కెఫెటేరియా ముందు దొరికింది. అక్కడే ఆపి, ఏసీ ఆన్‌లో ఉంచి కూర్చున్నాను.

ఇక్కడో పద్ధతుంది. రోడ్డు మీద ఊరికే హారన్ కొడితే మనల్ని వింతగా చూస్తారు. కెఫెటేరియా ముందు మాత్రం హారనే పిలుపు. కారు దిగక్కర్లేదు. ఒక్కసారి పాం మనిపిస్తే చాలు, వెయిటరు కిటికీ దగ్గరికొచ్చి ఆర్డర్ తీసుకుంటాడు.

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే కెమెరాలో నా ముక్కు రంధ్రాలు తప్ప ఇంకేం కనపడట్లేదు. అందుకని స్టీరింగ్‌లోకి ఇరికించాను. ఆహా, టేబుల్ మీద పెట్టినట్టే కుదిరింది! చెవులకి బయటి గోల వినపడనివ్వని హెడ్‌ఫోన్స్. రెడీ!

నాకో జబ్బుంది. టెన్షనొస్తే ఎంటర్ బటన్‌ని మేకు దిగ్గొట్టినట్టు కొడతాను. మొదటి స్లైడు మార్చాను. ఎక్కడో లీలగా పాం మంది. కిటికీ దగ్గర హంజా భాయ్ ప్రత్యక్షం! మలయాళీ పెద్దాయన, అక్కడి వెయిటరు. "కరక్ చాహియే?" అన్నాడు, అదే ఇక్కడి చిక్కటి టీ కావాలా అని. సరిగ్గా అప్పుడే మేడమ్ "ఈ రిపోర్ట్ లైవ్‌లో పనిచేస్తుందా?" అంది. ఆవిడకి గట్టిగా తలూపాను. హంజా భాయ్ వెళ్లి టీ తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇంకో స్లైడు. ఇంకో పాం. ఇంకో టీ! డాష్‌బోర్డ్ నిండా కప్పులే. ముందు అద్దం ఆవిరితో మసకబారింది.

"ఏమిటా హారన్లు? డ్రైవ్ చేస్తున్నారా?" అంది మేడమ్.

"ఏమయ్యా, అప్పుడే హైదరాబాద్ వచ్చేశావా?" అన్నారు కాల్‌లోనే ఉన్న ప్రసాద్‌గారు.

నాకు ముచ్చెమటలు! "సారీ మేడమ్, పక్కన ఎవరో మేనర్స్ లేని మనిషి" అన్నాను. అక్కడితో ఆగానా? పక్క కారులో ఉన్న అరబ్బు పెద్దాయన్ని గుడ్లురిమి చూశాను. పాపం, ఆయన నవ్వి సలాం పెట్టాడు.

ఎలాగో చివరిదాకా లాక్కొచ్చి, థాంక్యూ చెప్పి, కాల్ కట్ చేసి హెడ్‌ఫోన్స్ తీశాను. హంజా భాయ్ మండిపోతున్నాడు. "భాయ్‌సాబ్, మై ఇధర్ హీ ఖడా హై, ఫిర్ భీ హారన్?" తను ఎదురుగా నిలబడి ఉన్నా ఇంకా హారనేమిటని!

"నేను కాదు భాయ్! ఓ ఉధర్‌వాలా!"

"ఉధర్‌వాలా కబ్ కా గయా! ఆప్ హీ బజాతా హై!" పక్క కారాయన ఎప్పుడో వెళ్లిపోయాడట, కొడుతున్నది నేనేనట! లాప్‌టాప్ వైపు వేలు చూపించాడు.

నమ్మలేక ఎంటర్ ఒక్కసారి గట్టిగా నొక్కి చూశాను. పాం! లాప్‌టాప్ వెనకాల నొక్కుకుంటున్నది స్టీరింగ్ మధ్యలోని హారనే! గట్టు మీద పావురాలన్నీ లేచిపోయాయి. భూమి చీలితే బావుండుననిపించింది. ఆ టీలన్నీ ట్రేలో పెట్టించుకుని, ఒలక్కుండా నత్తనడకన ఇల్లు చేరాను.

స్కూల్ నుంచొచ్చిన సుధకి మొహం చూపించలేకపోయాను. "హైదరాబాద్‌కి టికెట్ చూసుకుంటాను" అన్నాను.

"అది తర్వాత. ముందు ఈ టీలన్నీ ఎవరికి?" అంది.

సాయంత్రం ప్రసాద్‌గారి ఫోన్. స్పీకర్‌లో పెట్టాను. "నువ్వక్కడే ఉండవయ్యా, మేడమ్ సరేనంది!"

"డెమో నచ్చిందా సార్?"

"డెమో పర్లేదట. పక్కన ఎవడో అంతసేపు బుర్ర తింటున్నా నువ్వు వాడితో గొడవకి దిగలేదట. ఇంత ఓర్పున్న మనిషి ఎక్కడ కూర్చున్నా పనిచేస్తాడు అంది."

పాప గంతులేసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నిజంగా. ఆ బుర్ర తిన్నది ఎవరో మాత్రం నేను చెప్పలేదు. నన్ను నేను అంతసేపు భరించానంటే మాటలా మరి!

సుధే, అప్పట్నుంచి మేడమ్ ఫోన్ నంబరు ఇమ్మని నా ప్రాణం తీస్తోంది. "ఆ కాసేపటికే మీకు సర్టిఫికెట్ ఇచ్చిందంటే, పెళ్లయిన దగ్గర్నుంచీ భరిస్తున్న నాకేమిస్తుందో కనుక్కుంటాను" అట!