కొత్త గిన్నెలో పప్పన్నం

గల్ఫ్‌లో, మెసైమీర్ అనే చోట నేను డ్రైవర్‌గా ఉన్న ఇంటి మేడమ్ అమెరికా మనిషి, ముస్లిం. అమెరికావాళ్ళంటే అందరూ క్రైస్తవులే అనుకుని, చేరిన ఏడాది ఆమెకు క్రిస్మస్ కేకు తెచ్చిచ్చిన ఘనుణ్ణి నేను. ఆమె నవ్వి తీసుకుంది. తమ ఊళ్ళో చర్చి, మసీదు ఒకే వీధిలో ఉంటాయని చెప్పింది.

కిందటేడు అమెరికాలో వాళ్ళ నాన్న పోయాడు. వాళ్ళలో మట్టి చేయడానికి ఆలస్యం చేయరు. తను చేరేలోపే అయిపోతుందని తెలిసి ఆమె ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నమైనా వంటింట్లో అలికిడి లేదు. చావు కబురొచ్చిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు అన్నం తెచ్చి పెడతారు, అది మా కడప వైపు ఆనవాయితీ. నా గదిలో పప్పు, అన్నం వండి గిన్నెలో సర్దాను. తీరా తలుపు దగ్గరికి వెళ్ళాక ఆగిపోయాను. వద్దంటుందేమోనని భయం. ఒకప్పుడు అలా అన్నవాణ్ణి నేనే.

మా అమ్మ పోయిన రోజు పక్కింటి సాయిబుగారి భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి, పప్పన్నం తెచ్చింది.

"కొత్త గిన్నె నాయనా, దీంట్లో నీసు ఎప్పుడూ వండల్యా" అంది.

బంధువులు మొహాలు చూసుకున్నారు. "వద్దు పెద్దమ్మా, తీసకపో" అన్నాను.

మేడమ్ మాత్రం గిన్నె రెండు చేతులా అందుకుంది. నాలుగు ముద్దలు తిని, మెల్లగా చెప్పింది.

"మా అమ్మ పోయినప్పుడు వీధిలో క్రైస్తవులు వంటలు తెచ్చారు. నేను తలకు గుడ్డ కట్టుకున్నప్పటి నుంచి పలకరించడం మానేసిన ఆవిడ కూడా వచ్చింది. ఆమె తెచ్చిన చిక్కుడు గింజల కూరలో పంది మాంసం ఉంది. మాకది నిషిద్ధమని ఆవిడకు తెలీదు."

"మరేం చేశారు మేడమ్?"

"మేం తినలేదు. కానీ మా నాన్న గుమ్మం దాకా వెళ్ళి తీసుకున్నాడు. ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టాడు." అంటూనే ఏడ్చేసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. తినకూడనిదాన్ని ఆయన అందుకున్నాడు. నాకోసం కొత్త గిన్నెలో వండినదాన్ని నేను వెనక్కి పంపాను.

శుక్రవారం సెలవు రోజు ఊరికి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, అమ్మ పోయిన పొద్దు నీ గిన్నె వాపసు పంపితి. తప్పు చేస్తి."

"అది పోనీలే నాయనా. ఇన్నేండ్లూ నాకు ఒగటే దిగులు. ఆ పొద్దు మీరేం తింటిరి?"

"ఏమీ తినల్యా పెద్దమ్మా" అన్నాను.