జంతువు పేరు: ఉడుము

ఇనుప ఖనిజం లారీలు జోరు మీదున్న 2007 వేసవిలో నేను కన్నడ సీమలో తోరణగల్లు దగ్గర పశువైద్యాధికారిగా పనిచేస్తున్నాను. ఎద్దులు, బర్రెలు, గొర్రెలు నా రోగులు. బల్లికి సర్టిఫికెట్ రాయవలసి వస్తుందని అప్పుడు ఎవరైనా అని ఉంటే నవ్వేవాణ్ణి.

ఒక ఉదయం అటవీశాఖ రేంజి ఆఫీసరు కబురు పంపారు. కూరెకుప్పలో ఎస్తేరమ్మ అనే ప్రభుత్వ బడి టీచరు ఉడుము పిల్లను పెంచుతోందని ఎవరో ఫిర్యాదు చేశారు. గార్డు వెళ్లి, అద్దాల పెట్టెతో సహా ప్రాణిని స్వాధీనం చేసుకుని, మహజరు రాసి ఆమెతో సంతకం పెట్టించుకున్నాడు. మహజరంటే సాక్షుల ముందు అక్కడికక్కడే రాసే కాగితం. ఉడుమును పెంచడం పెద్ద నేరం. కేసు కడితే అరెస్టు, అరెస్టయితే ఉద్యోగం నుంచి సస్పెన్షను. అది ఏ జాతిదో తేల్చే పని నా మీద పడింది.

ఆఫీసు వరండాలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఆమె భర్తకు ఒక కర్మాగారం స్టోర్సులో పని. విదేశీ యంత్రం పెట్టె విప్పితే చెక్కల మధ్య ఈ ప్రాణి కనబడిందట, టిఫిను డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చాడట.

"అరటిపండు నాకుతాది సార్, ఇంగేమీ అడగదు. నా కొలువు పోతాదా?" అని అడిగింది.

తెలియదమ్మా అన్నాను. నిజంగానే తెలియదు.

చూడగానే ఉడుము కాదని మాత్రం తెలిసింది. వేలెడంత పచ్చని బల్లి, పట్టపగలు హాయిగా తిరుగుతోంది. అయితే ఫలానాది కాదు అని రాస్తే చెల్లదు, ఫలానాది అని రాయాలి. నా పుస్తకాల్లో ఎద్దు పళ్ల గురించి కావలసినంత ఉంది, బల్లి గురించి ఒక్క పేజీ లేదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన గురువుగారికి ఫోను చేశాను. ముందు కంటికి కనబడింది రాయవయ్యా, పేరు సంగతి తరవాత అని ఆయన విసుక్కున్నారు.

రాశాను. కంటికి రెప్పల్లేవు, నాలుకతోనే కన్ను తుడుచుకుంటోంది. నాలుక చీలి లేదు, ఉడుముకైతే చీలి ఉంటుంది. కంటిపాప గుండ్రం, మన గోడబల్లికైతే నిలువు గీత. అద్దం అవతలి నుంచి చూస్తే వేళ్లకు వెడల్పాటి మెత్తలు. మెడ మీద బంగారు రంగు చుక్కలు, నడుము మీద మూడు ఎర్ర మచ్చలు. అక్కడ ఆగిపోయాను. ఖనిజం దుమ్ముతో మా దగ్గర ఎర్రబడనిదేముంది? తడి దూదితో తుడిచాను. దూది ఎర్రబడింది, మచ్చలూ దుమ్మేనేమో అనుకున్నాను. మళ్లీ తుడిచాను. ఈసారి దూది తెల్లగా వచ్చింది, మచ్చలు అలాగే ఉన్నాయి.

ఫోటో తీసి బ్రౌజింగ్ సెంటర్ నుంచి గురువుగారికి పంపితే సాయంత్రానికి జవాబు వచ్చింది. మడగాస్కర్ పగటిబల్లి, శాస్త్రీయ నామం ఫెల్సుమా లాటికౌడా. ఓడ సరుకులో దూరి దేశాలు తిరిగే రకం. మన వన్యప్రాణి చట్టం పట్టికలో దాని పేరే లేదు.

రేంజి ఆఫీసరు నా సర్టిఫికెట్ చదివారు. "ఇది సరే డాక్ట్రే. ఆదరె ఈయమ్మే ఉడ అని సంతకం పెట్టింది గదా?" అన్నారు.

కన్నడంలో ఆదరె అంటే కానీ, ఉడ అంటే ఉడుము. మహజరు తెప్పించి చూశాం. 'ప్రాణియ హెసరు', అంటే జంతువు పేరు, అన్న గడిలో గార్డు ఆ మాటే రాశాడు.

ఎస్తేరమ్మ తెల్లబోయింది. "పేరేందని అడిగితివి గదప్పా, చెప్తిని. అద్దం పట్టుకుంటే వదలదని మేము దాన్ని ఉడుమూ ఉడుమూ అని పిలుస్తాము" అంది గార్డుతో.

ముందు నవ్వింది ఆఫీసరే. అది పెంపుడు పేరని మహజరు అంచున రాసి, సంతకం చేసి, ఫిర్యాదు మూసేశారు. పెట్టె ఆమె చేతికిచ్చారు. ఆమె వరండా మెట్టు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ వారమే మా ఆసుపత్రి రిజిస్టరులో 'జంతువు పేరు' కొట్టేసి 'జాతి' అని రాయించాను. మర్నాడు ఎద్దును తోలుకొచ్చిన రైతు ఆ గడికి తన కులం చెప్పాడు. గడి పేరు చదివి వినిపిస్తే చాలదనీ, ఏమి కావాలో విడమరచి అడగాలనీ అప్పుడు తెలిసింది. రిటైరయ్యేదాకా అలాగే అడిగాను.