రెండు నాకాల నడుమ బర్మారు

మా బాపు చట్టానికి భయపడే మనిషి. మానుకోట దగ్గర మా చేనుకు అడవిపందులు వస్తాయని నైజాం సర్కారు ఆయనకు మందు కూరి పేల్చే బర్మారు తుపాకీ పెట్టుకునే లైసెన్సు ఇచ్చింది. అది ఉర్దూలో ఉండేది. మా ఇంట్లో ఎవరికీ ఏ అక్షరమూ రాదు కాబట్టి దానిమీద అందరికీ గౌరవమే. ముసలితనంలో తెలుగు నేర్చిన నాకు ఈనాటికీ అందులో ఏముందో తెలియదు.

దొరల మీద సంఘం పోరాటం ముదిరాక ఆ తుపాకీ సంఘపోళ్లకూ కావాలి, దొర మనుషులకూ కావాలి. ఒకరికిస్తే రెండోవారు బాపును బతకనివ్వరు. సరిహద్దు అవతల, ఇండియన్ యూనియన్ వైపు ఉన్న తన చెల్లెలు, మా మేనత్త ఇంట్లో పెట్టి రావడమే క్షేమమనుకున్నాడు. ఆమె కూతురి పెళ్లి కూడా కలిసొచ్చింది. మావాళ్లలో పెళ్లి పసుపును మేనమామ ఇంటి రోకళ్లతోనే దంచాలి. పసుపు గుడ్డ చుట్టిన రోకళ్లు మేం అవ్వ అని పిలిచే అమ్మ నెత్తిన, గోనెసంచిలో తుపాకీ బాపు భుజాన. నేను వెనుక.

మధిర దాటాక మా వైపు నాకా, నైజాం సరిహద్దు చౌకీ. జవాను లైసెన్సు మీది ముద్ర చూసి మర్యాదగా పంపాడు. కొంచెం దూరంలో యూనియన్ నాకా. అక్కడి హవల్దారుకు అదే ముద్ర నవ్వు తెప్పించింది.

"ఈ కాగితం మీ నవాబుకి చూపించుకోవయ్యా. ఇక్కడ తుపాకీతో అడుగు పెడితే జైలే."

వెనక్కి వచ్చాం. మర్యాద చేసిన జవానే అడ్డం నిలబడ్డాడు.

"పోంగ నీ లైసెన్సు నడిచింది. గిప్పుడు పరాయి ముల్కు నుంచి తుపాకి తెస్తున్నవు. హైదరాబాద్ హుకుం ఏది? సంఘపోడివని పట్టుకుంట."

బాపు రెండు నాకాల నడుమ వాగు గట్టున కూలబడ్డాడు. పారేద్దామంటే, ఏటా కచేరీలో తుపాకీ చూపించాలి. లేకపోతే సంఘానికి ఇచ్చినట్టే లెక్క.

"నీ లైసెన్సు గీ గట్టుకే చెల్లేటట్టున్నది. జర జరుగు," అంది అవ్వ. తుపాకీని రోకళ్లలో కట్టి, ఒక రోకలిని గోనెసంచిలో పెట్టింది.

పెళ్లి రోకళ్లను పరాయి మగవాళ్లు ముట్టరు. మళ్లీ యూనియన్ నాకాకు పోతే హవల్దారు పక్కకు తప్పుకున్నాడు. సంచిలో రోకలి కనిపించి తుపాకీ ఏదని బాపును అడిగితే, మా జవాను గుంజుకున్నాడని చెప్పాడు. హవల్దారు సంతోషించాడు.

పెళ్లయ్యాక రోకళ్లను ఎవరైనా ముట్టుకోవచ్చు, ఇక తిరుగుదారి లేదు. తుపాకీతో వస్తే జవాను పట్టుకుంటాడు, లేకుండా వస్తే కచేరీలో ఏదని అడుగుతారు. అవ్వా నేనూ వచ్చేశాం. పెళ్లికి పోయిన బాపు, ఆ సరిహద్దే లేకుండా పోయేదాకా చెల్లెలింట్లో ఉండిపోయాడు. మా చేను పందుల పాలైంది.

యూనియన్ సైన్యం వచ్చాక, తుపాకులన్నీ అప్పజెప్పాలని కొత్త సర్కారు దండోరా వేయించింది. అందరికంటే ముందు మానుకోట ఠాణాకు పోయినవాడు బాపే. అధికారి లైసెన్సు వైపు చూడలేదు. ఎక్కడి నుంచి తెచ్చావన్నాడు. బాపు నిజం చెప్పాడు. పక్క రాష్ట్రం నుంచి అనుమతి లేకుండా తుపాకీ తెచ్చినందుకు లోపల వేశారు.

మా పాలోళ్లలో, దాయాదుల్లో, ఒకాయన తన తుపాకీని భూపాలపల్లి అడవిలో పాతిపెట్టి, దండోరా విననట్టే ఊరుకున్నాడు. ఆయనకు లైసెన్సే లేదు. బాపు విడుదలయ్యేదాకా అవ్వకు తోడుగా ఠాణాకు సద్ది మోసింది ఆయనే. పోలీసులు ఆయనకు కూర్చోమని బల్ల చూపించేవారు.