బొమ్మ విడిచిన చీర

షాపు గుమ్మంలో నమస్కారం పెట్టే బొమ్మను చూస్తే నాకు ఇప్పటికీ డోకొచ్చినట్టుంటుంది.

తొంభైల చివర్లో ద్వారకా నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌గర్ల్‌గా పనిచేశాను. మా గుమ్మం దగ్గరా మనిషంత బొమ్మ ఒకటుండేది. లోపల మోటారు తిరుగుతుంటే తల వంచి చేతులు జోడించేది. కంచరపాలెం నుంచి నడిచొచ్చినవాళ్లూ, కార్లలో దిగినవాళ్లూ ఆగి దానికి తిరిగి నమస్కారం పెట్టేవారు. శ్రావణ శుక్రవారాల్లో కొందరు ఆడవాళ్లు బొట్టు కూడా పెట్టేవారు. మొదట్లో నవ్వుకునేదాన్ని.

ఒక శ్రావణంలో, సరిగ్గా శుక్రవారం పొద్దున, ఆ మోటారు కాలిపోయింది. ఓనరు బొమ్మ చీర విప్పించి నా చేతికిచ్చాడు.

"అది బాగయ్యేదాకా నువ్వు నిలబడు. మాట్లాడక్కర్లేదు, దణ్ణం పెడితే చాలు," అన్నాడు.

చీరంతా మోటారు ఆయిల్ కంపు. సాయంత్రం దాకా వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించాను. ఒక్కరంటే ఒక్కరు తిరిగి నమస్కారం పెట్టలేదు. బొట్టు మాట దేవుడెరుగు, నా మొహం చూసినవాళ్లే లేరు. జీతం తీసుకునేదానికి దణ్ణమెందుకనుకున్నారు కాబోలు.

చీకటి పడేముందు, వానలో ఒక పెద్దావిడ వచ్చింది. ప్రతి శుక్రవారం బొమ్మకు బొట్టు పెట్టేది ఆవిడే. నేను దణ్ణం పెట్టాను. ఆవిడ అటూ ఇటూ చూసింది.

"బొమ్మేదే? పాడైపోనాదేటి? పాపం, రోజంతా నిలబడీ నిలబడీ అలిసిపోనాదేమో," అంది.

అంటూనే, జోడించిన నా చేతుల్లో నీళ్లు కారుతున్న గొడుగు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.