మోకాళ్ల మిషను

బొమ్మక్క ఇంటి మిషనును పదకొండు రోజులు నా దగ్గరే ఉంచేసుకున్నాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది.

తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క ఊళ్లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. 1997లో ఆమె మొగుడు లక్ష్మణసామి విరుదునగర్ మార్కెట్లో మిరపకాయల లారీ మీద తాడు బిగిస్తూ కింద పడ్డాడు. వెన్నెముక విరిగి, రొమ్ము కింద నుంచి స్పర్శ పోయింది. అప్పటికి పెళ్లయి ఏడాది. పుండ్లు పడకుండా ఎలా పొర్లించాలో, మూత్రానికి గొట్టం ఎలా పెట్టాలో ఆసుపత్రిలో నేర్పారు. ఆలుమగల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, వీళ్లూ అడగలేదు. కాళ్లతోపాటు అదీ పోయిందని ఊరంతా ఖాయం చేసేసుకుంది. అందులో నేనూ ఉన్నాను.

ఆమె అన్న కుమారవేల్ ఏటా వచ్చి, "ఇంటికి రా, వేరే సంబంధం చూస్తా" అనేవాడు. ఆమె చీపురు తీసేది. లక్ష్మణసామి చక్రాల కుర్చీలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఏదో అనేవాడు, ఆమె పకపకా నవ్వేది. ఆ నవ్వు వింటే, రెండు కాళ్లూ ఉన్న మా ఆయన మీద నాకు ఒళ్లు మండేది. అయితే బొమ్మక్కకు బిడ్డ కావాలి. ఆయన బిడ్డే కావాలి.

2002లో విరుదునగర్‌లో వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ కర్పగాన్ని బొమ్మక్క తిన్నగా అడిగేసింది. లక్ష్మణసామి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. డాక్టరమ్మ ఆ తువ్వాలు లాగేసి, విత్తనం దానంతట అది బయటికి రాకపోవచ్చు గానీ అదిరే మిషనుతో రప్పించి చూడొచ్చని చెప్పింది. శుభ్రమైన కప్పులో పట్టి, సూది లేని సిరంజితో ఆమెకు ఎక్కించుకోవచ్చట. రక్తపోటు ఎగబాకే ప్రమాదం ఉంది కాబట్టి ముందు ఆసుపత్రిలో చేసి చూపించి, ఆ తర్వాతే ఇంటికి పంపారు. స్పర్శ ఉన్న మెడ, చెవుల దగ్గర సుఖం ఎక్కడికీ పోదని కూడా డాక్టరమ్మ చెప్పిందట. అది వీళ్లకు ముందే తెలుసులా ఉంది, బొమ్మక్క తల దించుకుని నవ్వుకుందట.

అచ్చం కాళ్ల నొప్పులకు అమ్మే మిషనే అది. బొమ్మక్క అత్త పొన్నుత్తాయి దాన్ని చూసి, కొడుకు తన మోకాళ్లకే కొన్నాడని మురిసిపోయింది. వీళ్లు నోరు విప్పలేకపోయారు. మా దగ్గర ఒక ఇంట్లో వస్తువుంటే వీధికంతా ఉన్నట్టే. మిషను మోకాళ్ల నుంచి భుజాలకూ, భుజాల నుంచి మా ఇంటికీ వచ్చింది. బొమ్మక్కకు బిడ్డ నిలిచే రోజు వచ్చేసరికి మిషను ఎవరింట్లోనో ఉండేది. మూడు నెలలు అలాగే పోయాయి.

ఒక పొద్దున బొమ్మక్క పరుగెత్తుకొచ్చింది. "అక్కా, మిషను ఇచ్చేయి."

"ఒక మిషనుకి ఇంత పొగరా? నా నడుము సంగతేమిటి?" అన్నాను.

"నీ నడుము రేపూ నొస్తాది. నాకు సరైన దినము ఈపొద్దే. పన్నెండుకి కరెంటు పోతాది!" అంటూ ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

మిషనును డెట్టాలుతో తుడిచి, ఆమె కంటే ముందు నేనే గోడ దూకాను.

బొమ్మక్కకు నెల తప్పింది. ఇక ఊళ్లో మొదలైంది, బిడ్డ ఎవరిదని. ఆయుధపూజ పొద్దున కుమారవేల్ వాకిట్లో నిలబడి అదే మాట అడిగాడు. బొమ్మక్క తెల్లబోయింది. నాకు తిక్క రేగి, ఉన్నదంతా పొన్నుత్తాయి చెవిలో ఊదేశాను.

ముసలమ్మ కాసేపు మోకాళ్లు చూసుకుంది. లోపలికి పోయి మిషను తెచ్చి, పూజకు పెట్టిన పారల కన్నా, కాటా కన్నా ముందు పెట్టి గంధం పూసింది.

"చూడు కుమారవేలూ. నా కొడుకు బిడ్డే. ఇది దోవ చూపినాది. తెలీక నేను మోకాళ్లకి పెట్టుకొని, నా మనవణ్ణి మూడు నెలలు ఆపేస్తిని. ఊరికే నిలబడుకోవద్దు, బొట్టు పెట్టు!"

వీధంతా చూస్తోంది. కుమారవేల్ వంగి మిషనుకు కుంకుమ పెట్టాడు. ఐదేళ్లలో ఒక్కసారీ కంట తడి పెట్టని బొమ్మక్క అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. లక్ష్మణసామి మళ్లీ తువ్వాలు కప్పుకున్నాడు. ఏడో నెల సీమంతానికి అన్న గాజులు తెచ్చి తొడిగాడు.

పుట్టింది ఆడపిల్ల. నా నడుము ఇంకా నొస్తూనే ఉంది, మిషను మాత్రం అడగను. వాళ్లకు రెండోది కావాలట.