కిందికి దిగిన హీరో ఇంకా పైకి రాలేదు

ఈ రోజు కోడలు నన్ను సినిమాకు తీసుకెళ్లింది. రాబోయే కాలం కథ, ఎగిరే బండ్లు, కోట్ల ఖర్చు. బాగానే తీశారు. అయితే హీరో లిఫ్టులో భూమి అడుగుకు దిగగానే నేను పాప్‌కార్న్ తినడం ఆపేశాను. మా ఆయన ఊరిగాం గనిలోకి దిగిన రోజుల్లో, ఆయన పైకి వచ్చేదాకా నేను మెతుకు ముట్టేదాన్ని కాదు.

"తినత్తా, ఆయప్పకేం కాదు, హీరో కదా" అంది కోడలు.

"హీరో అయితే ఏమమ్మా, ఇంగా కిందనే ఉండాడు. పైకి రానీ."

హీరో పైకి రాకుండానే సినిమా అయిపోయింది. మిగతాది రెండో భాగంలోనట. మనిషిని అడుగున వదిలేసి లైట్లు వేసేశారు. గనులు మూసేశాక ఈ దిగులు తీరిందనుకున్నాను. రెండో భాగం ఎప్పుడొస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి. మోకాళ్ల నొప్పులున్నా సరే, ఆ అబ్బాయి పైకి రావడం చూసే తీరతాను.