పేరు చెప్పని బటన్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, లాస్‌పేటలోని మా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రాజెక్టుకు టెస్ట్ లీడ్‌గా వేసింది. రిటైర్‌మెంటుకు ముందు నాకదే ఆఖరి ప్రాజెక్టు. ప్రోగ్రామర్లు రాసినదాన్ని వాడి చూసి, తప్పులు పట్టి నమోదు చేయడం టెస్టర్ల పని. రోగులకు డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇచ్చే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టాలి.

ఆ అపాయింట్‌మెంట్లు ఫోన్లో ఇచ్చేది ఎ. సరోజ. ఉప్పళం అమ్మాయి, పుట్టుకతో చూపు లేదు. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం తెర మీది మాటలను చదివి వినిపిస్తుంటే, ఒక చెవితో దాన్ని, ఇంకో చెవితో రోగిని వింటూ చకచకా పని చేసేది. మాది అదే ఊళ్లోని ఒర్లియంపేట. ఇద్దరివీ తరాలుగా ఈ తమిళ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలే కాబట్టి నాతో ఇంటి తెలుగే మాట్లాడేది.

ఆమెను కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టాను. కాసేపు కీలు నొక్కి, హెడ్‌ఫోన్ తీసేసింది.

"ఏందక్కా ఇది? బటన్, బటన్ అనే చెప్తా ఉండాది. ఏ బటనో చెప్పదా?"

చెప్పదు. మా వాళ్లు బటన్ల మీది మాటలు తీసేసి బొమ్మలు పెట్టారు. బొమ్మ వెనక కోడ్‌లో దాని పేరు రాస్తేనే స్క్రీన్ రీడర్ చదవగలదు. ఒక్కో బొమ్మకు ఒక్క ముక్క రాయాలి, అంతే! ఆ మాత్రం ఎవరికీ చేతకాలేదు. పోనీ, సహాయం చూద్దామని ఎఫ్1 నొక్కితే "త్వరలో" అంటూ ఒక ఖాళీ పేజీ వచ్చింది. హెల్ప్ రాయడం మా దగ్గర ఎప్పుడూ చివరి పని. గడువు ముంచుకొచ్చినప్పుడు ముందుగా ఎగిరిపోయేదీ అదే.

మా పద్ధతిలో ప్రతి తప్పుకూ రెండు గుర్తులుంటాయి. ఎంత నష్టమో చెప్పే సివియారిటీని టెస్టర్ వేస్తాడు. ఎంత త్వరగా సరిచేయాలో చెప్పే ప్రయారిటీని ప్రాజెక్టు మేనేజర్ వేస్తాడు. నేను "క్రిటికల్" వేశాను. మేనేజర్ "లో", అంటే తక్కువ అని వేసి, తర్వాతి వెర్షన్‌కు నెట్టేశాడు. అదే మీటింగులో, లోగో రంగు వెలిసినట్టుందని ఆసుపత్రి డైరెక్టరు అన్న మాటకు మాత్రం "హై" పడింది! నా ఒళ్లు మండిపోయింది. సరోజ పని పోతుందయ్యా అని మేనేజర్ మీద గట్టిగానే అరిచాను. చూపు లేనివాళ్ల సంగతి కాంట్రాక్టులో లేదు మేడమ్, హెల్ప్ ఎందుకు, ట్రైనింగ్ ఇస్తాం కదా అన్నాడు తాపీగా. కనపడని బొమ్మ మీద ఏం ట్రైనింగ్ ఇస్తాడు, వాడి బొంద!

సాఫ్ట్‌వేర్ మాకు సమ్మతమేనని కొనేవాళ్లు సంతకం పెట్టడాన్ని యాక్సెప్టెన్స్ అంటారు. ఆ రోజు డైరెక్టరు, కొనుగోళ్ల అధికారి కూర్చుని, మౌస్‌తో నాలుగు బొమ్మలు నొక్కించి చూశారు. సరోజను పిలవమన్నాను. అవసరం లేదన్నారు. మా టెస్ట్ రిపోర్టు మీద నేను సంతకం పెట్టనన్నాను. నా పైనున్న డెలివరీ హెడ్ పెట్టేశాడు.

సరోజ సీటులోకి ఇంకో అమ్మాయి వచ్చింది. సరోజకు మందుల స్టోరు పక్కన ఒక కుర్చీ వేశారు. జీతంలో కోత లేదు, ఇంకేం కావాలని ఆసుపత్రి వాళ్లు నన్నే అడిగారు. వెళ్లి ఆమెను పలకరించాను.

"జీతం వస్తాది లేక్కా. పొద్దున్నుంచీ ఈడ కూసోని ఏం చేసేది? నా పని యాడ?" అంది.

తర్వాతి వెర్షన్‌లో బొమ్మలకు పేర్లు చేర్చారు. చేర్చినవాడికి ఒక పూట పట్టింది. నేను మళ్లీ పరీక్షించి, సరిచేశారని రాసి ఆ తప్పును మూసేశాను. అప్పటికే సరోజ ఉద్యోగం మానేసింది.

ఇలాంటి సౌకర్యాలు సాఫ్ట్‌వేర్‌లో ఎందుకుండవని ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడుగుతుంటారు. కొనేవాడు వేరు, వాడేవాడు వేరు. అడిగే హక్కు కొనేవాడిదే. అందుకే ఉండవు. వాడే మనిషి ఒప్పుకోనిదే ఆ యాక్సెప్టెన్స్ సంతకం చెల్లకూడదు. మేనేజర్ "తర్వాతి వెర్షన్" అని రాసిన ప్రతిచోటా, ఈ వెర్షన్‌తో ఎవరి పని పోతుందో వాళ్ల పేరు కూడా అతని చేతే రాయించాలి.